మోకాలు వంచాలా, నడుము వంచాలా?

దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పాన్ని, భద్రపరిచే మందసం చర్చిలో ఒక పక్కనున్న చిన్న ప్రార్థనాలయంలో ఉన్నప్పుడు ప్రధాన బలిపీఠం ముందు మోకాలు వంచాలా, మోకాళ్ల నొప్పితో బాధపడే మీ అమ్మగారు ఏం చేయాలి అని అడిగారు. కతోలిక ఆచారంలో కుడి మోకాలిని నేలకు ఆనించడం ఆరాధనకు గుర్తు కనుక, అది దివ్యసత్ప్రసాదానికీ, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) జరిగే సిలువ ఆరాధన మొదలు పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన) ఆరంభం వరకు సిలువకూ మాత్రమే చెల్లుతుంది. మందసం లేని చోట బలిపీఠానికి నడుము వంచి నమస్కరించడమే పద్ధతి. మందసం ఎక్కడుందో దాని దగ్గర నిత్యం వెలిగే దీపమే చెబుతుంది. అమ్మగారు మందసం ముందు కూడా భక్తితో నడుము వంచితే చాలు. హడావిడిగా మోకాలు సగం వంచి లేచే మనబోటివాళ్ల అలవాటు కంటే అదే మేలని నా అభిప్రాయం. సత్ప్రసాదం స్వీకరించడానికి వరుసలో నడిచేటప్పుడు మాత్రం మందసాన్ని దాటినా మోకాలు వంచనక్కరలేదు.