సుగ్గికి పోయిన పిల్లాణ్ణి ఏ గడిలో రాయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: బడి మీద, చదువు మీద పరిశోధన. నేను పద్నాలుగేళ్లు బళ్లలో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత బీఈడీ, ఎంఈడీ పిల్లలకు చెప్పి అనంతపురంలో రిటైరయ్యాను. కింద రాసినవాటిలో కొన్ని చదివి తెలుసుకున్నవి, మిగతావి తప్పులు చేసి తెలుసుకున్నవి.

ప్రశ్న: కోసిగి దగ్గర ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). దీపావళి దాటితే మా ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంటూరు వైపు పత్తికి, మిరపకోతలకు సుగ్గికి, అంటే కోతల కాలం కూలికి, పోతారు. పిల్లల్నీ తీసుకుపోతారు. ఉగాదికి తిరిగొచ్చేసరికి వాళ్లు చదువు మరిచిపోయి ఉంటారు. 'విద్యపై వలస ప్రభావం' అని ఒక చిన్న పరిశోధన చేయాలనుంది. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక టీచర్, ఆదోని డివిజన్

అమ్మా, మీరు పెట్టిన పేరు చూస్తే మీటింగులో కట్టే బ్యానరు గుర్తొచ్చింది. అసలు ప్రశ్న దానికి ముందు వాక్యంలో ఉంది. "మరిచిపోయి ఉంటారు" అన్నారు కదా, దాన్ని పట్టుకోండి. నిజంగా మరిచిపోతారా? ఏది మరిచిపోతారు? గుణింతాలా, ఒత్తులా, చదివే వేగమా? అందరూ ఒకేలా మరిచిపోతారా? 'మూడో తరగతిలో సుగ్గికి పోయొచ్చిన పిల్లలు, పోకముందు చదవగలిగినదాంట్లో ఏది నిలుపుకున్నారు, ఏది పోగొట్టుకున్నారు?' ఇంతకు కురచ చేసుకోండి. ఇదేం పరిశోధన అని ఎవరైనా నవ్వితే నవ్వనీయండి. తరగతి, వంట పర్యవేక్షణ, యాప్‌లు అన్నీ చూసుకునే ఒక్క మనిషి ఒక ఏడాదిలో మోయగలిగేది అంతే.

ఇప్పుడు చూడండి, ప్రశ్న కురచ అయ్యేసరికి పని దానంతట అదే తేలింది. పోకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చదివించాలి. మొదటిది దసరా సెలవులు అయిపోగానే. రెండోది తిరిగొచ్చిన మొదటి వారంలోనే. నెల ఆగితే ఈలోపు మీరే మళ్లీ నేర్పించేసి ఉంటారు, అప్పుడు మీరు కొలిచేది మీ పాఠాన్ని అవుతుంది.

దేనితో చదివించాలంటే, 2005 నుంచి ప్రథమ్ సంస్థ నడుపుతున్న అసర్ సర్వే పద్ధతి మీలాంటివాళ్లకు బాగా పనికొస్తుంది. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కణ్ణే చదివించి, ఎక్కడిదాకా రాగలిగాడో రాసుకుంటారు. ఇందులో ఇంకో కిటుకుంది. వాళ్లు ఈ పరీక్ష పల్లెల్లో ఇళ్లకు వెళ్లి చేస్తారు. బళ్లో కూర్చుని చేస్తే బడికొచ్చిన పిల్లలే లెక్కకొస్తారు. మీ ఊళ్లోనైతే తిరిగొచ్చి కూడా బడి మొహం చూడని పిల్లలే అసలు సంగతి. వాళ్లను వదిలేస్తే మీ పట్టిక ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. కాబట్టి సాయంత్రాలు ఇళ్లకు వెళ్లండి.

కాగితం మాత్రం మీదే తయారు చేసుకోండి. ఎందుకో చెప్తాను. ఉరవకొండ వైపు ఒక బళ్లో నేను నా పరిశోధన కోసం వేరే ప్రాంతంలో తయారైన పదజాల పరీక్ష పెట్టాను. 'ప్రామాణిక సాధనం వాడు, ఎవరూ ప్రశ్నించరు' అని నాకు పైనున్నవాళ్లు చెప్పారు, నేనూ తలూపాను. అందులో నీళ్ల మీద పడవ బొమ్మ. ఇది ఏమిటో రాయమంటే సగంమంది 'తొట్టి' అని రాశారు. ఒక పిల్లాణ్ణి పిలిచి అడిగితే, "నీళ్లుండేది తొట్లోనే కదా మేడమ్" అన్నాడు. వాడు ఎద్దులకు కుడితి పెట్టే తొట్టి తప్ప అట్లాంటి ఆకారం ఇంకోటి చూసి ఎరగడు. నేను తప్పు కొట్టాను. ఆ మార్కులతోనే సగటు తీశాను, థీసిస్‌లో పట్టిక వేశాను, డిగ్రీ కూడా వచ్చింది. ఆ పట్టిక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మీ పక్క పిల్లల ఇళ్లలో కన్నడం, ఉర్దూ కూడా నడుస్తాయి. పేరా రాసేముందు అందులోని మాటలు వాళ్ల నోట్లో ఉన్నవేనా అని, అదే ఈడు పిల్లలు అయిదారుగురి దగ్గర చదివించి చూడండి. పుస్తకాల్లో పైలట్ స్టడీ అని భయపెట్టేది దీన్నే.

సుగ్గికి పోయినవాళ్లను, ఊళ్లో ఉన్నవాళ్లను పోల్చాలనిపిస్తుంది. సీజనల్ హాస్టల్లో చేరిన పిల్లలు కూడా పక్కనే ఉంటారు కదా. పోల్చండి, కానీ తొందరపడి తీర్పు చెప్పకండి. పిల్లాణ్ణి ఊళ్లో వదిలి వెళ్లాలంటే చూసే అవ్వో, అత్తో ఉండాలి, ఎంతో కొంత తిండిగింజలు ఉండాలి. అంటే ఆ ఇల్లు ముందునుంచే కొంచెం వేరు. హాస్టల్లో ఉన్న పిల్లాడు బాగా చదివితే అది హాస్టల్ గొప్పా, వాళ్ల అవ్వ గొప్పా చెప్పలేం. అందుకే అదే పిల్లాణ్ణి, పోకముందూ వచ్చాకా, వాడితో వాణ్ణే పోల్చడం మీకు గట్టి ఆధారం.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు "పిల్లాణ్ణి ఎందుకు తీసుకుపోయినారు?" అని అడగొద్దు. టీచరమ్మ అడిగితే అది ప్రశ్నలా ఉండదు, గద్దింపులా ఉంటుంది. "తప్పయింది మేడమ్, ఇంగ తీసుకుపోము" అంటారు. దాంతో మీ ఇంటర్వ్యూ ముగిసినట్టే. దానికి బదులు "అక్కడ పొద్దున లేస్తూనే వాడు ఏం చేసేవాడు?" అని మొదలుపెట్టి, రాత్రి పడుకునేదాకా ఒక రోజు చెప్పించుకోండి. గుడిసె ఎక్కడ వేశారు, చంటిదాన్ని ఎవరు ఎత్తుకున్నారు, కూలి ఎంత, పిల్లాడి చేతికి డబ్బేమైనా వచ్చిందా, అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. వాళ్ల మాటను వాళ్ల మాటలాగే రాసుకోండి. 'ఆర్థిక ఇబ్బందులు' అని మార్చి రాశారంటే అందులోని మనిషి మాయమవుతాడు.

హాజరుపట్టీ సంగతి. అది ఆధారమే కానీ అందులో 'పి' ఉన్న ప్రతిచోటా పిల్లాడున్నాడని నేను ప్రమాణం చేయను. నేనే ఒక ఏడాది, పేరు కొట్టేయడానికి మనసొప్పక, ఊళ్లో లేని ఇద్దరు పిల్లలకు పదిరోజులు హాజరు వేశాను. కాబట్టి పట్టీ ఒకవైపు, ఇంటివాళ్లు చెప్పిన తేదీలు ఒకవైపు పెట్టి చూడండి. రెండూ కలవనిచోట ఇంకో ప్రశ్న వేయండి.

ఇక స్టాటిస్టిక్స్. ఇరవైమంది పిల్లలకు, సగటుల తేడాను తూచే టీ-టెస్ట్ వెతుక్కోవద్దు. ఒక పెద్ద కాగితం తీసుకుని పిల్లాడికో వరుస గీయండి: పోకముందు ఎక్కడున్నాడు, వచ్చాక ఎక్కడున్నాడు, ఎన్ని రోజులు లేడు. చూస్తూ కూర్చోండి. పేర్లు రాయకుండా అంకెలు వేయండి, తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించండి. టీచరు తన తరగతి సమస్యను తానే పరిశీలించి, ఏదో మార్చి, మళ్లీ పరిశీలించే ఈ పద్ధతికి చర్యా పరిశోధన అని పేరుంది. ఆ మాటను 1946లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ వాడారు. దాన్ని 1953లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ బడి టీచర్ల చేతికి తెచ్చారు.

ప్రశ్న: కడపలో ఎంఈడీ చదువుతున్నాను. 'వృత్తి పట్ల ఉపాధ్యాయుల వైఖరి' అనే అంశం ఇచ్చారు. ఒక స్కేలు (వైఖరిని కొలిచే ప్రశ్నావళి), వందమంది టీచర్లు. మా సీనియర్లు అందరూ ఇదే చేశారు. వంద సరిపోతారా? 384 ఉండాలని ఎవరో చెప్పారు.
– ఒక విద్యార్థి, కడప

384 అనేది, మొత్తం ఎంతమంది ఉంటే అందులో ఎంతమందిని అడగాలో చెబుతూ 1970లో క్రెజ్సీ, మోర్గాన్ ఇచ్చిన పట్టికలోది. వెయ్యిమంది ఉన్నచోట 278, పదివేలమంది ఉన్నచోట 370, పది లక్షలమంది ఉన్నా 384 చాలంటుంది ఆ పట్టిక. కానీ ఆ లెక్క యాదృచ్ఛికంగా, అంటే చీటీలు వేసినట్టు ఎంచుకున్నవాళ్లకే వర్తిస్తుంది. మీకు తెలిసిన నాలుగు బళ్లకు వెళ్లి ఇంటర్వెల్లో పంచిన ఫారాలు 384 అయినా, 3,840 అయినా ఒకటే.

నాకు అంతకన్నా పెద్ద అనుమానం స్కేలు మీదే. 1932లో రెన్సిస్ లైకర్ట్ కనిపెట్టిన ఆ పద్ధతిలో 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'అస్సలు అంగీకరించను' దాకా అయిదు గడులుంటాయి. 'నేను నా వృత్తిని ప్రేమిస్తున్నాను' అనే వాక్యం ఎదురుగా 'అస్సలు అంగీకరించను' అని టిక్కు పెట్టే టీచరు మీకు కడప జిల్లాలో దొరికితే నాకు చూపించండి. ఒక స్టాఫ్‌రూములో నా కళ్లముందే ఒకాయన టీ తాగుతూ తనదీ, రానివాళ్లవీ కలిపి నాలుగు ఫారాలు నింపాడు.

మీ గైడ్‌తో గొడవ పడొద్దు. "సార్, స్కేలుతో పాటు పదిమంది తరగతుల్లో కూర్చుంటాను" అని అడగండి. ఏం చూడాలంటే, టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగుతున్నారో చూడండి. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు తరగతులను టేపు చేసి కొలిస్తే, సగటున ఒక సెకను దగ్గరే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లలు పెద్ద జవాబులు చెప్పడం, తామే ప్రశ్నలు వేయడం మొదలైంది. ఫోనులో స్టాప్‌వాచ్ ఉంది, కాగితం ఉంది, ఇంకేం కావాలి? ఏ బెంచీవాళ్లను అడిగారు, ఆడపిల్లల్ని ఎన్నిసార్లు అడిగారు అని గీతలు కొట్టుకోండి. మొదటి రెండు రోజులు రాసుకున్నది పక్కన పెట్టేయండి. వెనకాల ఎవరో కూర్చున్నారంటే ఆ రెండు రోజులు ఎవరైనా బాగానే చెబుతారు.

ప్రశ్న: థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతికితే నా అంశం మీద ఇప్పటికే మూడు థీసిస్‌లు ఉన్నాయి. అంశం మార్చుకోవాలా?
– ధర్మవరం నుంచి

అక్కర్లేదు, సంతోషించండి. చివరి అధ్యాయంలో 'పరిమితులు' అని ఉంటుంది, ముందు అది చదవండి. తర్వాత అనుబంధంలో వాళ్లు అడిగిన ప్రశ్నలు చదవండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో, ఎవర్ని అడగడం మరిచారో అక్కడ మీకు చోటుంటుంది. రెండో అధ్యాయాన్ని, అంటే పాత పరిశోధనల సమీక్షను, మాత్రం ఎత్తి మీదాంట్లో పెట్టుకోవద్దు. ఆ అధ్యాయమే ఒకరి నుంచి ఒకరికి అచ్చుతప్పులతో సహా వస్తుండటం నేను దిద్దేటప్పుడు ఎన్నోసార్లు చూశాను.

ప్రశ్న: హెడ్మాస్టరుని. బళ్ల లెక్కలు సేకరించే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో ప్రతి ఏటా పిల్లల లెక్కలన్నీ పంపుతూనే ఉన్నాం. ప్రభుత్వం దగ్గర లేని సమాచారం లేదు. మళ్లీ టీచర్లు పరిశోధనలు చేసి కొత్తగా తేల్చేదేముంది?
– రాయదుర్గం నుంచి

సార్, మీ విసుగు నాకు తెలుసు. ఆ ఫారాలు నేనూ నింపాను. కానీ మీ ఊరి పాత కథే ఒకటి చెప్తాను. రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలోది కదా. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఆ తర్వాత 1827లో మన పత్తికొండలో కలరాతో పోయిన ఆ మన్రోనే, బళ్లెన్ని, పిల్లలెంతమంది అని కలెక్టర్లందరికీ ఒక నమూనా పట్టిక పంపాడు. అచ్చం మీ యూడైస్ లాంటిదే. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ దాన్ని నింపి పంపాడు. అప్పట్లో అనంతపురం కూడా ఆ జిల్లాలోదే. జనాభా 9,27,857. బళ్లు 533. అందులో కన్నడ బళ్లు 235, తెలుగువి 226. చదివే పిల్లలు 6,641 మంది, అంటే వెయ్యిమంది జనానికి ఏడుగురు.

అక్కడితో ఆపేసి ఉంటే అది ఒట్టి పట్టికే. క్యాంప్‌బెల్ ఆగలేదు. పంతులు ఇసుకలో వేలితో ఎలా రాయిస్తాడు, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు ఎలా చెబుతారు, నెలకు ఏం ఇస్తారు అని రాశాడు. పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారో కూడా రాశాడు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేతపనివాళ్ల బతుకు దెబ్బతిందనీ, చదివించే స్తోమత లేక, లేత చేతులు చిన్నపాటి పనికి అక్కరకు రాగానే పిల్లల్ని పనిలో పెట్టుకోక తప్పడం లేదనీ తన సర్కారుకే చెప్పాడు. పట్టికలో ఆ కారణానికి గడి లేదు. పైన కోసిగి టీచరు ఉత్తరం చదివారు కదా, రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గడి లేదు.

ఇంకోటి. ఆ పట్టికలో 'బడి' అంటే ఏది? ఇంట్లో అయ్యవారి దగ్గర చదివే పిల్లాడు లెక్కలోకి వస్తాడా? మద్రాసు పట్నంలో ఇళ్లలో చదివేవాళ్లు దాదాపు 27 వేలమంది అని లెక్క వచ్చింది. అది అక్కడి బడిపిల్లలకు దాదాపు అయిదింతలు. ఇందులో ఏదో తప్పుండాలని 1826లో మన్రోనే అనుమానపడ్డాడు. ఎవర్ని లెక్కపెట్టాలో ముందే తేల్చుకోకపోతే గవర్నరుకైనా అదే తిప్పలు.

మీ బళ్లో ఒక పని చేసి చూడండి సార్. బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. చెదలు తినేలోపు ఫోనుతో ఫొటోలు తీయించండి. 'బడి వదిలిన కారణం' అనే గడిలో పేజీలకు పేజీలు 'దీర్ఘకాల గైర్హాజరు' అనే ఉంటుంది. అందులోంచి ఒక పదేళ్లనాటి పేజీ తీసుకోండి. ఆ పేజీలోని పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు, సగంమంది మీ ఊళ్లోనే ఉంటారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి ఆ గడిలో నిజంగా ఏం రాయాల్సిందో అడగండి. వాళ్లు చెప్పింది నాకు రాసి పంపితే, పేర్లు తీసేసి ఇక్కడే వేస్తాను.