కేంద్ర వాణిజ్య శాఖలో ఆఫీసర్ కావాలంటే?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఫైనలియర్. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలో ఆఫీసర్ అవుతానని పట్టుబడుతోంది. ఏ పరీక్ష రాయాలి? కస్టమ్స్ కూడా ఆ శాఖ కిందికే వస్తుందా?
– ఓ తండ్రి, నిజామాబాద్

జవాబు: రాదండీ. కస్టమ్స్ ఆర్థిక శాఖది. ఎంఎస్ఎంఈలకూ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు) వేరే మంత్రిత్వ శాఖ ఉంది. మీ అమ్మాయి కోరుకునే శాఖలో ఉన్నవి రెండే విభాగాలు. ఎగుమతి, దిగుమతులు, విదేశాలతో ఒప్పందాలు వాణిజ్య విభాగానివి. విదేశీ పెట్టుబడుల విధానం, పేటెంట్లు పరిశ్రమల విభాగమైన డీపీఐఐటీవి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ విదేశీ వాణిజ్యాన్ని పూర్తిగా కేంద్రానికే ఇచ్చింది. పరిశ్రమలు మాత్రం కొన్ని మినహాయింపులతో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఫ్యాక్టరీలకు స్థలాలు, అనుమతులు ఇప్పించే పని మీద ఆసక్తి ఉంటే చూడాల్సింది రాష్ట్ర పరిశ్రమల శాఖను. ముందు ఈ సంగతి అమ్మాయితో మాట్లాడి తేల్చుకోండి.

ఎగుమతులే కావాలంటే సరైన దారి ఇండియన్ ట్రేడ్ సర్వీస్. సివిల్స్ ద్వారానే ఎంపిక. మొదటి పోస్టు అసిస్టెంట్ డైరెక్టర్ జనరల్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్. హైదరాబాద్, విశాఖల్లోనూ డీజీఎఫ్‌టీ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) ఆఫీసులున్నాయి. పని ఎలా ఉంటుందంటే, ఒక మందుల కంపెనీ అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే లైసెన్సు మీద సుంకం కట్టకుండా ముడిసరుకు తెప్పించుకుంటుంది. దాంతో తయారైన సరుకును సాధారణంగా 18 నెలల్లో, కనీసం 15 శాతం విలువ జోడించి ఎగుమతి చేయాలి. చేయలేకపోతే సుంకం వడ్డీతో సహా కట్టాలి. ఆ లైసెన్సు ఇవ్వడం, గడువు పొడిగింపు చూడడం, లెక్క తేలాక ఫైలు మూయడం, అన్నీ ఈ ఆఫీసులోనే. లెక్కలు, షరతులు ఓపిగ్గా చదివేవాళ్లకు ఇది చాలా మంచి ఉద్యోగం.

చాలామంది పొరపాటు చేసేది సర్వీసుల ప్రాధాన్యం ఇచ్చేటప్పుడు. ఐఏఎస్, ఐపీఎస్, ఐఆర్ఎస్ రాసి మిగతావి వదిలేస్తారు. జాబితాలో రాయని సర్వీసుకు మిమ్మల్ని పరిగణించరు. ట్రేడ్ సర్వీసులో ఖాళీలు కొద్దిగానే ఉంటాయి, అందుకే దాన్ని పై వరుసలోనే పెట్టమనండి. మెయిన్స్‌కు కామర్స్ అండ్ అకౌంటెన్సీ ఆప్షనల్ ఉంది, బీకాం చదువు అక్కడ అక్కరకొస్తుంది. ప్రిలిమ్స్‌లో రెండో పేపరైన సీశాట్‌ను (ఆప్టిట్యూడ్ పరీక్ష) తేలిగ్గా తీసుకోవద్దు. 200కి 66 మార్కులు రాకపోతే మొదటి పేపర్‌లో ఎంత వచ్చినా లెక్కలోకి రాదు.

దీనికి సమాంతరంగా ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సీజీఎల్, అంటే కేంద్ర ఉద్యోగాలకు డిగ్రీ స్థాయి పరీక్ష, రాయించండి. సెంట్రల్ సెక్రటేరియట్ సర్వీసులో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టు పే లెవెల్ 7, మూల వేతనం రూ.44,900. ఏ మంత్రిత్వ శాఖ వస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉండదు. పేటెంట్ ఎగ్జామినర్ పోస్టులకు సైన్స్, ఇంజినీరింగ్ అర్హత కావాలి, వాటి కోసం టైం పెట్టొద్దు. మీ నిజామాబాద్‌లో 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డు, గుంటూరులోని పొగాకు బోర్డు కూడా వాణిజ్య విభాగం కిందివే. వాటి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, దాని కోసమే కూర్చోవద్దు.

కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక పని చేయించండి. విదేశీ వాణిజ్య విధానం 2023 డీజీఎఫ్‌టీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 4, 5 అధ్యాయాలు, అంటే అడ్వాన్స్ ఆథరైజేషన్, ఈపీసీజీ (ఎగుమతి సరుకు తయారీకి యంత్రాలను సుంకం లేకుండా తెప్పించుకునే పథకం), ఒక వారం చదవమనండి. విసుగొస్తే సీజీఎల్‌ను ముందు పెట్టుకోవడం మేలు.