రోమా తొమ్మిదో అధ్యాయం చెప్పబోయే అబ్బాయికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ప్రభువు నామంలో రాసేది.

నీ ఉత్తరం అందింది. విజయవాడలో మీ యౌవనస్థుల కూటానికి రోమా పత్రిక చెప్పమన్నారనీ, ఎనిమిదో అధ్యాయం వరకు పరవాలేదు గానీ తొమ్మిది తలచుకుంటే నిద్ర పట్టడం లేదనీ రాశావు. సగం మంది ఫోనులో ప్రసంగాలు విని, రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఏర్పరచుకున్నాడనే కాల్వినిస్టులయ్యారు, మిగతావాళ్లు ‘అయితే మనం కీలుబొమ్మలమా’ అని లేస్తున్నారు అన్నావు. నిద్ర పట్టకపోవడం మంచిదే. ఆ అధ్యాయం ముందు రాత్రి హాయిగా పడుకునే బోధకుడంటేనే నాకు భయం.

దాన్ని ఒక్క ఆదివారంలో ముగించకు. తొమ్మిది, పది, పదకొండు పౌలు ఒకే ఊపున రాసినవి. తొమ్మిదిలో తన ఇష్టప్రకారం పాత్రలు చేసే కుమ్మరీ, ఎదురు చెప్పలేని మట్టీ ఉన్నాయి. పదిలో, ప్రభువు నామాన్ని బట్టి ప్రార్థించే ఎవడైనా రక్షణ పొందుతాడన్న మాట, ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారన్న ప్రశ్న ఉన్నాయి. పదకొండు చివర వాదన ఆపేసి స్తుతిలో పడిపోతాడు. తొమ్మిది దగ్గర బైబిలు మూస్తే ఒక పక్షం గెలుస్తుంది, పదిలో తెరిస్తే రెండో పక్షం.

చరిత్ర కొంచెం చెప్పు, ఎక్కువ వద్దు. పిల్లలు కాల్వినిస్టుల అయిదు అంశాలను సీనాయి కొండ మీద నుంచి దిగినట్టు వల్లిస్తారు. అవి జవాబుగా పుట్టినవి. హాలండులో, మనిషి కృపను కాదనగలడన్న అర్మీనియస్ అనుచరులు 1610లో అయిదు అంశాలతో విన్నపం పెట్టుకుంటే, 1618-19లో డోర్ట్‌లో కూడిన సభ వాటికి జవాబిచ్చింది. ఎదుటివాడి ప్రశ్న వినకుండా జవాబు మాత్రం బట్టీపడితే ఏమవుతుందో మీ కూటమే సాక్ష్యం. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చి నాటిన మన లూథరన్ సంఘంలోనూ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాల్విన్ ఇంకా చదువుకునే కుర్రాడిగా ఉండగానే, 1525లో, మనిషి చిత్తం బందీ అని లూథర్, చిత్తానికి స్వేచ్ఛ ఉందన్న పండితుడు ఎరాస్మస్‌తో గట్టిగా వాదించాడు. అయినా 1577లో లూథరన్లు రాసుకున్న ఒప్పుకోలులో, రక్షణ పొందినవాడిది దేవుని కృప, నశించినవాడిది తన అవిశ్వాసం అని రెండూ పెట్టి, మధ్యలో ఉన్న ముడి విప్పకుండా వదిలేశారు. తర్కం తెలిసినవాళ్లకు అది కోపం తెప్పిస్తుంది. నాకూ ఒకప్పుడు తెప్పించింది.

నేను బడిలో పనిచేసే రోజుల్లో మా తెలుగు పండితుడు శ్రీవైష్ణవుడు. ఈ గొడవ వినిపిస్తే నవ్వి, మా ఇంట్లోనూ ఇదే అన్నాడు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లిపిల్లను తల్లి నోట కరచుకుని పోతుంది. భక్తుడు ఏ పిల్ల అన్నదాని మీద వాళ్లలో రెండు శాఖలు నిలిచాయట. పోలిక పిల్లలకు చెప్పు, కానీ దాంతో తీర్పు చెప్పకు. పోలికలు గెలిపిస్తాయే గానీ వాక్యాన్ని విప్పవు.

వాక్యంతోనే ఆడించాలంటే అపొస్తలుల కార్యములు 27 తీసుకో. తుఫానులో 276 మంది ఉన్న ఓడ. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత మాటగా పౌలు ముందే చెప్పాడు. తర్వాత నావికులు పడవ దించి పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతితోనూ సైనికులతోనూ చెప్పింది ఆ పౌలే. సైనికులు తాళ్లు కోసేశారు. వాగ్దానం ఉందని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఈ అధ్యాయం మీద కాల్వినిస్టు కుర్రాడి చేత అవతలివాడి పక్షం చెప్పించు, అవతలివాడి చేత ఇతనిది. అవతలివాడు ‘అవును, నేననేది అదే’ అని ఒప్పుకునేదాకా కూర్చోనివ్వకు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నాకు నలభై ఏళ్లు ఉన్నప్పుడు ఒక చావు ఇంటికి ఆదరణ చెప్పడానికి వెళ్లాను. కొడుకు బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. అప్పుడే కొత్తగా చదివిన వేడిలో దేవుని ఏర్పాటు గురించి పది నిమిషాలు మాట్లాడాను. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, ‘అయ్యగారూ, మా వాడి పేరు ఆ లెక్కలో లేదంటారా?’ అంది. నోట మాట రాలేదు. ఎఫెసీ మొదటి అధ్యాయంలో పౌలు ఏర్పాటు సంగతి ఎత్తింది నమ్మినవాళ్లు దేవుణ్ణి స్తుతించడానికి. నేను దాన్ని అక్కడ లేని మనిషి మీదికి తిప్పాను. ఆమె ఇప్పటికీ ఆరాధన అయ్యాక ‘బాగున్నారా’ అని పలకరిస్తుంది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

అందుకని మీ కూటంలో ఒక్క కట్టడి పెట్టు. ‘నన్ను’ అని ఎంతైనా మాట్లాడవచ్చు, ‘వాడు ఏర్పరచబడ్డాడా లేదా’ అనే మాట మాత్రం నోట రాకూడదు. ఇంట్లో నమ్మని తండ్రి ఉన్న పిల్ల ఎవరో నీ ముందే కూర్చుని ఉంటుంది.

తొమ్మిదో అధ్యాయం మొదలయ్యేది తన జనం కోసం పౌలు పడే దుఃఖంతో. మొదటి వారం ఆ మూడు వచనాలే చదివించు. కుమ్మరి రెండో వారం రావచ్చు. పదకొండో అధ్యాయం చెప్పే ఆదివారం ఏదో ముందుగా రాస్తే, మీ పిన్నీ నేనూ పొద్దుటి రైలుకు బయలుదేరతాం.

మీ బాబాయి