మగవాళ్లు ఆడవేషం వేస్తే స్త్రీలను వెక్కిరించినట్టేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. డ్రాగ్ అనే పాశ్చాత్య ఆడవేషపు ప్రదర్శనల్లో కళాకారులు కొండంత విగ్గులు, ఎత్తు మడమల చెప్పులు, మోతాదు మించిన అలంకరణతో ఆడవాళ్లలా ఆడటం స్త్రీలను అవమానించడం కాదా అన్నది ఒకటి. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లవాళ్లను అనుకరించడం తప్పయినప్పుడు దీనికి మాత్రం చప్పట్లెందుకు అన్నది రెండోది. నాకు ఒక్క మాటలో జవాబు రాదు. ఆడవేషం కట్టే మనిషి ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని నేను.

మా మేనమామ తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల్లో సత్యభామ వేసేవాడు. ఆ ప్రాంతంలో ఆ వేషం వేయడమంటే మాటలు కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా వేదికనెక్కి, దాదాపు నలభై ఏళ్లు స్త్రీ పాత్రలే వేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ తర్వాత ఆ జడ వేసుకున్న ప్రతి మగవాణ్ణీ జనం ఆయన పక్కన నిలబెట్టి కొలిచేవారు. మా మామయ్య ఆ కొలతకు అందలేదు. ఆయన పేరు నాలుగు మండలాలు దాటలేదు. అయితే వేషం కట్టుకునే రెండు గంటలూ పిన్నీసుల డబ్బా పట్టుకొని పక్కన కూర్చునే హక్కు మాత్రం నాకుండేది.

గడ్డం రెండుసార్లు గీసుకున్నా దవడ దగ్గర నీలం చాయ పోయేది కాదు. అక్కడ రంగు దట్టంగా పట్టించేవాడు. పాత చీర ముక్కల్ని రెండు చుట్టలు చేసి తుంటికి అటూ ఇటూ గట్టిగా కట్టేవాడు. కుచ్చిళ్లు తానే పోసుకునేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. అన్నీ అయ్యాక, సవరం పెట్టుకునే ముందు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా తన కుడిచేతి మణికట్టునే తిప్పుతూ చూసుకునేవాడు. “చెయ్యి ముందు ఆడది కావాలి, ముఖం సంగతి తర్వాత” అనేవాడు. ఆ చెయ్యి కోసం కాలవగట్టున, బస్సుస్టాండులో ఆడవాళ్లను గమనించేవాడు. చంకలో పిల్లను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చుకునేటప్పుడు మెడ ఎటు వంగుతుందో ఇంటికొచ్చి చేసి చూపించేవాడు. ఎప్పటికైనా ఎవరో ఒకరు చెప్పు తీస్తారని మా అత్తయ్య భయం.

నా చిన్నతనంలో అది వెక్కిరింపేమోనన్న అనుమానమైనా రాలేదు. పందిట్లో ముందు వరస చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ సత్యభామను చూసి కన్నీళ్లు పెట్టుకునేవారు.

వెక్కిరింపు ఎలా ఉంటుందో చాలా ఏళ్ల తర్వాత, నేను పనిచేసిన ఒక ఆఫీసు వార్షికోత్సవంలో చూశాను. ఇద్దరు కుర్రాళ్లు నైటీలు తొడుక్కొని, లోపల బెలూన్లు పెట్టుకొని వచ్చారు. ఒకడు కీచుగొంతుతో షాపింగుకు డబ్బులడుగుతాడు, రెండోవాడు అత్తగారి మీద చాడీలు చెబుతాడు. చివర్లో ఒకడు పిన్నుతో రెండోవాడి బెలూను పేల్చాడు. హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటుంటే ఎందుకు నవ్వానా అనిపించింది. ఆ పది నిమిషాల్లో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఉన్నవి రెండు బెలూన్లు, ఒక కీచుగొంతు. వాళ్లు ఏ ఆడదాన్నీ చూసి నేర్చుకున్నది కాదు అది, టీవీ కామెడీ కార్యక్రమాల్లో ఇంకో మగవాణ్ణి చూసి నేర్చుకున్నది. ఇలాంటిదాన్ని డ్రాగ్ అని ఎవరూ అనరు, దాని మీద ఎవరూ ప్రశ్నలూ వేయరు. హాస్యం అంటారు, అంతే.

అసలు డ్రాగ్‌ను మూడేళ్ల కిందట చూశాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం బలవంతాన తీసుకెళ్లింది. పాట రికార్డుది, పెదవులు మాత్రం వీళ్లవి. సొంత గొంతుతో పద్యమెత్తనివాడు నటుడేమిటని నాలోని తెనాలి మూతి విరిచింది.

మొదట వచ్చినతను ఆరడుగుల పైన ఉన్నాడు, విగ్గుతో కలిపితే ఏడు. మాటకారి. కానీ హాస్యమంతా ఆడవాళ్ల ఒంటి చుట్టూనే తిరిగింది. మధ్యలో తోటి కళాకారుణ్ణి చూపించి ఏదో పదం వాడితే అందరూ ఈల వేశారు. అర్థమేమిటని మా అమ్మాయినడిగాను. అచ్చం ఆడదానిలా కనిపించేవాళ్లను వీళ్లు ‘చేప’ అంటారని చెప్పి, “ఎందుకో మాత్రం అడగకమ్మా” అంది. అడగలేదు. అడగకుండానే తెలిసింది. ఆఫీసు హాల్లో పేలిన బెలూను చప్పుడు మళ్లీ వినిపించింది.

తర్వాత వచ్చినావిడకు, వేషంలో ఉన్నంతసేపూ అలాగే అంటారట, అరవై దాటి ఉంటాయి. వెలిసిన హౌస్‌కోటు, తలనిండా జుట్టు చుట్టుకునే రోలర్లు. ప్రేమలో ఓడిపోయిన ఆడదాని గొంతు ఆకాశానికి లేచే పాట అది. ఈవిడ దానికి పెదవులు కదుపుతూ, నెత్తిమీదున్న కళ్లజోడు కోసం బల్లంతా వెతుకుతోంది. జనం పడీపడీ నవ్వుతున్నారు. పాట తారస్థాయికి వెళ్లిన క్షణంలో ఆవిడ అరచేతి అంచుతో బల్లమీది రొట్టె పొడిని రెండో అరచేతిలోకి ఊడ్చి, ఎక్కడ పారేయాలో తెలియనట్టు అలా నిలబడిపోయింది. హాలు నిశ్శబ్దమైంది. ఒళ్లో ఉన్న నా చెయ్యి దానంతటదే కదిలింది. మా అమ్మ అలాగే ఊడ్చేది. నేనూ అలాగే ఊడుస్తాను. చెయ్యి ముందు ఆడది కావడమంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

బయట కనిపిస్తే పలకరించాను. తుంటికి కట్టుకున్నది సోఫాల్లో వాడే స్పాంజి, కత్తితో చెక్కి, పైన మూడు నాలుగు జతల మేజోళ్లు బిగించి దాస్తారట. మా మామయ్య చీర చుట్టల గురించి చెప్పాను. కాళ్లకు ఏం వేసుకునేవాడని అడిగారు. గజ్జెలు, చెప్పుల్లేవు అన్నాను. “అదృష్టవంతుడు” అని బూట్లు విప్పి మెట్ల మీద కూర్చున్నారు. వేళ్లన్నీ ఎర్రగా కమిలి ఉన్నాయి.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. మీలాగే అభ్యంతరం చెప్పిన స్త్రీవాదులు ఎప్పటినుంచో ఉన్నారు. స్త్రీత్వం ఆడవాళ్లకు అణచివేత తగిలించిన సరంజామా, దానితో మగవాళ్లు ఆడుకోవడం ఎగతాళే అని అమెరికన్ తత్వవేత్త మెరిలిన్ ఫ్రై 1983లోనే వాదించింది. 1990లో ఇంకో తత్వవేత్త జూడిత్ బట్లర్ దాన్ని ఇంకో పక్కనుంచి చూసింది. ఆడతనం, మగతనం అనేవే నేర్చుకొని పదేపదే చేసే నటన, డ్రాగ్ ఆ గుట్టు విప్పుతుందంది. నేను చూసిన ఆ ఒక్క మధ్యాహ్నంలో ఫ్రై ముందు గెలిచింది, బట్లర్ తర్వాత గెలిచింది. ఏ ప్రదర్శన గురించో చెప్పకుండా మొత్తం డ్రాగ్ మీద తీర్పడిగితే నేను ఇవ్వలేను.

ఇక నల్లరంగు పోలిక. నల్లవాళ్లు బానిసలుగా ఉన్న రోజుల్లో, వాళ్లు సోమరులు, మూర్ఖులు అన్న బొమ్మను యజమానుల జాతి తన వినోదానికి గీసుకున్నదే ఆ నల్లరంగు ఆట. డ్రాగ్ ఆడేవాళ్లలో ఎక్కువమంది స్వలింగ ప్రియులు, పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనుకునే ట్రాన్స్ మనుషులు. ఆడంగి అని చిన్నప్పటినుంచీ తన్నులు తిన్నవాళ్లు. ఆడబట్టలతో వీధిలో కనిపించిన మగవాణ్ణి పట్టుకెళ్లే చట్టాలు అమెరికా నగరాల్లో 19వ శతాబ్దం నుంచీ ఉండేవి. 2023లో కూడా టెనెసీ రాష్ట్రం ఈ ప్రదర్శనలను కట్టడి చేసే చట్టం తెచ్చింది. నల్లరంగు పూసుకొని వేదికనెక్కిన తెల్లవాళ్లకు అలాంటి భయం ఉండేది కాదు. కాబట్టి పోలిక సరిగా అతకదు. పూర్తిగా ఊడిపోదు కూడా, ఆ ‘చేప’ మాట అన్నవాడు వేషం తీశాక మగవాడిగానే ఇంటికి నడిచి వెళ్తాడు. అన్నట్టు, డ్రాగ్ కళాకారులూ ట్రాన్స్ మహిళలూ ఒకటే అనుకోకండి. మొదటిది వేషం, రెండోది మనిషి.

ఆ పోలికను పట్టుకొని ఆలోచిస్తుంటే అది అమెరికా వేదిక కన్నా మన వేదికకే ఎక్కువగా తగిలింది. ఇది నాకు మింగుడుపడటానికి టైము పట్టింది. నల్లరంగు ఆటలో పెద్ద అన్యాయాల్లో ఒకటి, ఎవరి వేషం వేస్తున్నారో వాళ్లను వేదిక ఎక్కనివ్వకపోవడం. మన నాటకాల్లో మగవాళ్లు ఆడవేషం వేసింది సరదాకు కాదు, పరువున్న ఇంటి ఆడది వేదిక ఎక్కకూడదు కాబట్టి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాలవాళ్లు తమ ఇంటి ఆడవాళ్లకే ఆడవేషాలు ఇచ్చారు, మిగతావాళ్లు అంత తేలిగ్గా ఇవ్వలేదు. కూచిపూడి సంగతి ఇంకా విచిత్రం. అక్కడ సత్యభామ తరతరాలుగా బ్రాహ్మణ మగవాళ్ల సొత్తు. వేదాంతం సత్యనారాయణ శర్మకు ఆ వేషాలే 1970లో పద్మశ్రీ తెచ్చాయి, తేవలసిందే, అంత గొప్పగా చేశారు. ఆ సత్యభామ ఆటనే, అంటే భామాకలాపాన్ని, గోదావరి జిల్లాల్లో దేవదాసీ వృత్తిలో ఉన్న కలావంతుల స్త్రీలు ఆడేవారు. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ 1947లో మద్రాసు చట్టం వచ్చింది. దానికి కారణాలున్నాయి, కానీ వాళ్ల ఆటకు మిగిలింది సిగ్గు. ఆడవాళ్ల సత్యభామ చీకట్లోకి వెళ్లింది, మగవాళ్ల సత్యభామ ఢిల్లీ వెళ్లింది. తర్వాత వెంపటి చినసత్యం లాంటి గురువులు ఆడపిల్లలకు నేర్పడంతో కూచిపూడి వాళ్ల చేతికొచ్చింది. వాళ్లు నేర్చుకున్నది మగవాళ్లు తీర్చిదిద్దిన నడకనే.

అందుకే ఆ పెద్ద విగ్గు మీద నాకు ఇప్పుడంత కోపం రావడం లేదు. ఏడడుగుల ఆకారాన్ని చూసి ఇది అసలైన ఆడదని ఎవరూ భ్రమపడరు. మా మామయ్యను చూసి మాత్రం “ఆడదంటే ఇలా ఉండాలి” అని మగవాళ్లు ఇంటికెళ్లి పెళ్లాలతో అనేవారు. వెక్కిరింపు లేకుండా, ఎంతో గౌరవంగా వేసిన కొరడా దెబ్బ అది.

పోయినేడాది ఇదంతా మా అత్తయ్యతో చెప్పాను. డెబ్భై ఎనిమిదేళ్లు ఆమెకు. మామయ్య పోయి చాలా కాలమైంది. ఆయన కట్టిన చీరలన్నీ అత్తయ్యవే. కొన్నింటి అంచులకు రంగు మరకలు ఇంకా ఉన్నాయి. నాటకానికి రావద్దని ఆమెకు ఆయన ఆంక్ష. ఒకే ఒక్కసారి పక్కింటివాళ్లతో దొంగతనంగా వెళ్లి, ముసుగు కప్పుకొని వెనక వరసలో కూర్చుందట.

“ఎలా ఉంది?” అన్నాను.

“ఎలా ఉంటుందమ్మా? నా చీర, నా గాజులు, నా మొగుడు. నడకొక్కటే నాది కాదు.” కాసేపాగి, “మొగుణ్ణి తెచ్చి నారదుడికి దానమిచ్చేస్తుంటే చూసి, ఎంత బాగా కోపం తెచ్చుకుంటున్నాడో అనుకున్నాను. తెల్లారి ఇంటికొచ్చి కాఫీ చల్లారిందని గ్లాసు విసిరాడు. ఆ విసరడం మాత్రం మగవాడిలాగే విసిరాడు.”

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. తర్వాత, ఆ అమెరికా ఆట ఫోన్‌లో ఉంటే చూపించమంది. నా దగ్గరున్నది ఆ హౌస్‌కోటావిడది అర నిమిషం వీడియో. రొట్టె పొడి దగ్గర ఆపించి, వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది. మూడోసారి చూస్తూ కళ్లజోడు సర్దుకొని అడిగింది: “ఆ చెప్పులతో నడిస్తే పడిపోడా?”