మెక్సికోలోని ప్లాయా దెల్ కార్మెన్‌లో చిన్న టాకో కొట్లలో శాకాహారులకు, బీఫ్ తినని వాళ్లకు ఏమి దొరుకుతుంది?

మీకు బీఫ్ కుదరదు, మీ శ్రీమతి పూర్తి శాకాహారి, రిసార్టు భోజనం మాని వీధి పక్క టాకో కొట్టులో తినాలని ఉంది. ఇంతే కదా ప్రశ్న? మీకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆవిడ మాత్రం అడిగి తినాలి. మా వదిన కూడా శాకాహారే కాబట్టి అక్కడ ఈ బేరాలన్నీ నేనే ఆడాను.

క్వింటా అవెనీదా (5వ అవెన్యూ) మీద గుమ్మంలో నిలబడి మెనూ చూపిస్తూ పిలిచే చోట్లకు వెళ్లకండి. ఆ ఊళ్లో సముద్రానికి సమాంతరంగా ఉన్న అవెన్యూలకు 5, 10, 15, 20 అని అయిదేసి చొప్పున అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. 25, 30 వైపు నడవండి, అదీ చీకటి పడ్డాక. నిలువు ఊచకు గుచ్చిన మాంసం నిప్పు సెగకు తిరుగుతూ ఉంటుంది. అదే అల్ పాస్తోర్: ఎండుమిర్చి, అచియోతే గింజల ముద్ద పట్టించిన పంది మాంసం. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ల షవర్మా పద్ధతి నుంచి పుట్టింది. పలుచగా చెక్కి, తోర్తీయా అనే పలుచని మొక్కజొన్న రొట్టెలో వేసి, ఊచ పైనున్న అనాసపండు నుంచి చిన్న ముక్క కోసి మీద పడేస్తారు. పంది మాంసం తినేవారైతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. బిస్తెక్, అర్రచేరా, సువాదెరో అని ఉంటే బీఫ్. పోయో కోడి, పెస్కాదో చేప, కమరోన్ రొయ్య.

ఇక మీ శ్రీమతి సంగతి. మాంసం వద్దంటే కోడి మాంసం తెచ్చిపెట్టే అవకాశం చాలా ఎక్కువ. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు! కోడి, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు నిరపాయంగా కనిపిస్తాయి గానీ, వాటిని తరచూ పంది కొవ్వుతో వేయిస్తారు. 'మంతెకా' ఉందా అని అడగండి. గోధుమ తోర్తీయాలోనూ అది ఉండవచ్చు, మొక్కజొన్నదే అడగండి. అన్నం కోడి రసంలో ఉడికించినదై ఉండవచ్చు. నాగజెముడు మట్టలతో చేసే నోపాలెస్, కాల్చిన పెద్ద మిరపకాయల చీలికలకు చీజ్ కలిపి చేసే రాహాస్ ఉంటే నిశ్చింతగా చెప్పండి. అయితే అన్నీ ఒకే పెనం మీద కాలుస్తారు. ఆ పట్టింపు ఉంటే చిన్న కొట్టు ఆమెకు కుదరదు, నిజం చెప్పాలి కదా.

పచ్చళ్ల గిన్నెల్లో హబనేరో మిరపతో చేసినది ఉంటే ముందు చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. గుంటూరు కారం తిన్న ధీమా అక్కడ పనిచేయదు. తాగడానికి ఆగ్వా దె హమైకా చెప్పండి. గోంగూర జాతి మొక్క ఎర్రని పూతొడుగులతో చేసే పుల్లటి చల్లటి పానీయం అది. మా వదిన రెండో గ్లాసు కూడా అడిగింది.

బిల్లు మీరు అడిగేదాకా తేరు, అది మర్యాద. 'లా క్వెంతా, పోర్ ఫవోర్' అంటే చాలు. ధర ముందు డాలరు గుర్తు చూసి కంగారు పడకండి, పెసోలకూ అదే గుర్తు. టిప్పు 10 నుంచి 15 శాతం ఇవ్వడం అలవాటు, చట్టప్రకారం తప్పనిసరి కాదు. క్వింటా మీద ఒక చోట దాన్ని ముందే బిల్లులో కలిపి, మళ్లీ విడిగా అడిగారు, చూసుకుని చెల్లించండి. చాలా చిన్న కొట్లలో కార్డు తీసుకోరు, 500 పెసోల నోటుకు చిల్లర కూడా దొరకదు. చిన్న నోట్లు దగ్గర పెట్టుకుని వెళ్లండి.