ఇటు అమ్మ బెంగ, అటు అత్తగారి పరలోకం

ప్రశ్న: మాది తెనాలి. నాకు నలభై ఒక్కేళ్లు. అమెరికాలో యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి దగ్గర్లోని లీహైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేను గే. పద్నాలుగేళ్లుగా ఒకతనితో కలిసి ఉంటున్నాను. తను ఇక్కడే పుట్టి పెరిగిన మార్మన్ (యూటాలో ఎక్కువగా ఉండే ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం వాడు. ఏడుగురు పిల్లల్లో పెద్ద. పంతొమ్మిదేళ్లకే చర్చి తరఫున రెండేళ్లు బ్రెజిల్ వెళ్లి మిషన్, అంటే మత ప్రచారం, చేసి వచ్చాడు. ఇప్పుడు చర్చికి వెళ్లడు గానీ, వాళ్ల అమ్మ కోసం సభ్యత్వం మాత్రం రద్దు చేసుకోలేదు. 2013 డిసెంబరులో యూటాలో మా లాంటివాళ్ల పెళ్లికి కోర్టు ఒప్పుకున్న రోజు ఇద్దరం కౌంటీ ఆఫీసుకు పరిగెత్తాం. లైన్లో నిలబడ్డాక "టీవీ వాళ్లున్నారు, అమ్మ చూస్తుందేమో" అన్నాడు. వెనక్కి వచ్చేశాం. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా "అమ్మ ఉన్నన్నాళ్లూ వద్దు" అంటున్నాడు.

ఆవిడ మంచి మనిషే. ఆదివారం భోజనానికి పిలుస్తారు. మార్మన్లు కాఫీ, టీ ముట్టరు. అయినా నా కోసం ఇన్‌స్టంట్ కాఫీ సీసా కొని గరాజ్ షెల్ఫ్ మీద పెడతారు. కానీ ఎవరికి పరిచయం చేసినా "ఫ్రెండ్" అంటారు. పోయిన ఏడాది తనకు ఉన్నట్టుండి ఆపరేషన్ చేయాల్సి వస్తే డాక్టర్ బయటికొచ్చి వాళ్ల అమ్మతోనే మాట్లాడాడు. నేను పక్కన నిలబడి విన్నాను. వచ్చే నెల తన మేనకోడలి పెళ్లి, డ్రేపర్ ఊళ్లోని మార్మన్ టెంపుల్లో. మమ్మల్ని లోపలికి రానివ్వరు. వెళ్లాలా, మానాలా? పైగా తను సిటిజన్, నేనింకా హెచ్-1బీ మీదే ఉన్నాను. గ్రీన్‌కార్డు కోసం చేసుకున్నాడంటారని నామోషీ. మా అమ్మకు సంగతి తెలుసు. ఫోన్ చేసినప్పుడల్లా "ఒంట్లో బాగోకపోతే నిన్నెవరు చూస్తారు రా" అంటుంది. ఇన్నేళ్లు కాపురం చేశాక పెళ్లి కావాలనుకోవడం నా చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదు. అయితే మీ అత్తగారిని మీరు తెనాలి కళ్లతో చూస్తున్నారేమోనని నా అనుమానం. మన ఇళ్లలో అమ్మానాన్నలు ఇలాంటి పెళ్లికి అడ్డుపడితే దాని వెనుక సాధారణంగా ఉండేది నలుగురి భయం. బంధువులేమంటారు, చెల్లెలికి సంబంధాలు వస్తాయా, రేపు ఈ అబ్బాయిని ఎవరు చూసుకుంటారు. అన్నీ ఈ లోకపు లెక్కలే, కాలం గడిస్తే సర్దుకునేవే. మీ అత్తగారి లెక్క ఈ లోకంతో ముగిసేది కాదు.

మార్మన్లకు టెంపుల్లో జరిగే పెళ్లి ప్రాణం ఉన్నంతవరకే కాదు. దాన్ని సీలింగ్ అంటారు. భార్యాభర్తలూ, వాళ్లకు పుట్టిన పిల్లలూ చావు తర్వాత కూడా ఒకే కుటుంబంగా ఉంటారని వాళ్ల నమ్మకం. అందులో ఎవరైనా దారి తప్పితే పైలోకంలో ఆ కుటుంబం బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోతుందన్న మాట ఆ ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వినిపిస్తుంది. పెళ్లంటే ఒక ఆడ, ఒక మగ మధ్యనే అని చర్చి 1995లో ఇచ్చిన ప్రకటనను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న ఇళ్లు బోలెడు. మీరు ఆదివారం భోంచేసే గదిలోనూ అది ఉండే ఉంటుంది. మీరిద్దరూ కలిసి ఉండటం కూడా ఆ చర్చి లెక్కలో తప్పే. కాకపోతే దాన్ని ఆవిడ చూసీ చూడనట్టు ఉండగలరు, ఏదో ఒక రోజు కొడుకు తిరిగి వస్తాడని ఆశ పెట్టుకోగలరు. పెళ్లి సర్టిఫికెట్ ఆ ఆశకు చుక్క పెడుతుంది. ఆవిడ భయమల్లా అదే.

ఆ భయానికి చర్చి కూడా ఆజ్యం పోసింది. 2015 నవంబరులో, స్వలింగ వివాహం చేసుకున్న సభ్యులను మతభ్రష్టులుగా లెక్కించాలనీ, అలాంటి జంటల దగ్గర పెరిగే పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బాప్తిస్మం ఇవ్వకూడదనీ నియమం పెట్టింది. ఆ నెలలోనే ఎంతోమంది సాల్ట్ లేక్ సిటీలో వరసలో నిలబడి చర్చి సభ్యత్వానికి రాజీనామాలు ఇచ్చారు. 2019 ఏప్రిల్లో ఆ నియమాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు అలాంటి పెళ్లిని భ్రష్టత్వం అనడం లేదు, తీవ్రమైన అతిక్రమణ అంటున్నారు. బయటివాళ్లకు ఇది మాటల గారడీలా కనిపిస్తుంది. మీ అత్తగారి లాంటి తల్లికి ఆ తేడా మీద ఎన్నో రాత్రుల నిద్ర ఆధారపడి ఉంటుంది.

అంటే ఒకటే పెళ్లి ఒక అమ్మకు మందు, ఇంకో అమ్మకు గాయం. తెనాలిలో ఉన్న అమ్మ అడుగుతున్న ప్రశ్నకు మీరు ఇవ్వగలిగిన సూటి జవాబు ఈ పెళ్లే: "నన్ను చూసేవాడు ఉన్నాడమ్మా, చట్టం కూడా ఒప్పుకుంది." యూటాలో ఉన్న అమ్మ భయానికి మీ దగ్గర జవాబు లేదు. ఆవిడ నమ్మే పరలోకం గురించి మీరు హామీ ఇవ్వలేరు, అది అబద్ధమని వాదించి ఒప్పించనూ లేరు. కాబట్టి ఆవిడ సరేననే దాకా ఆగుదామనుకుంటే, ఎప్పటికీ రాని జవాబు కోసం ఆగుతున్నట్టే.

వాదన అంటే గుర్తొచ్చింది. మీ ఆయన పూర్వీకుల్లో బహుభార్యలున్నవాళ్లు ఉండే ఉంటారు. అప్పట్లో మార్మన్ల పెళ్లిళ్లను అమెరికా ప్రభుత్వం వెంటపడి వేధించింది. 1879లో సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 1882 చట్టం కింద చాలామంది జైలుకు వెళ్లారు. 1890లో చర్చి ఆ పద్ధతి మానుకుంటామని ప్రకటించాకే 1896లో యూటాకు రాష్ట్ర హోదా దక్కింది. "మీ తాతలకు జరిగిందే ఇప్పుడు మాకు జరుగుతోంది" అనాలని మీకు నోటిదాకా వచ్చి ఉంటుంది. నిజమే, పదునైన మాటే. ఆదివారం భోజనాల దగ్గర మాత్రం అనకండి. మాట మీది నెగ్గుతుంది, పిలుపులు ఆగిపోతాయి.

ఇప్పుడు చట్టం సంగతి. మీరు లైన్లో నిలబడి వెనక్కి వచ్చింది 2013 డిసెంబరు 20న. ఆ తర్వాత పదిహేడు రోజుల్లో, సుప్రీంకోర్టు స్టే ఇచ్చేలోపు, యూటాలో వెయ్యికి పైగా జంటలు పెళ్లి చేసుకున్నాయి. 2014 అక్టోబరులో అక్కడ దారి పూర్తిగా తెరుచుకుంది, 2015 జూన్ 26 తీర్పుతో దేశమంతటా వచ్చింది. ఇక 2022 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టాన్ని చాలామంది సరిగ్గా అర్థం చేసుకోలేదు. రేపు సుప్రీంకోర్టు తన తీర్పును తానే తిరగరాసినా, చట్టబద్ధంగా జరిగిపోయిన పెళ్లిని కేంద్రమూ, మిగతా రాష్ట్రాలూ గుర్తించి తీరాలని ఆ చట్టం చెబుతుంది. కొత్తగా లైసెన్సు ఇచ్చి తీరాలని మాత్రం ఏ రాష్ట్రాన్నీ అది కట్టడి చేయదు. అంటే చేసుకున్న పెళ్లికి ఉన్న రక్షణ చేసుకోబోయే పెళ్లికి లేదు. "అమ్మ ఉన్నన్నాళ్లూ వద్దు" అనే మీ ఆయనకు ఈ ముక్క తెలుసో లేదో కనుక్కోండి. ఆ చట్టం తయారవుతున్నప్పుడు, మత సంస్థలకు అందులో ఇచ్చిన రక్షణలు చూసి మార్మన్ చర్చే దానికి మద్దతు పలికింది. తన సిద్ధాంతం మారలేదని చెబుతూనే పలికింది. 2008లో కాలిఫోర్నియాలో ఇలాంటి పెళ్లిళ్లను ఆపడానికి డబ్బూ మనుషులనూ కదిలించిన చర్చి అది. మీ అత్తగారికి ఎప్పుడైనా ఏమైనా చెప్పాల్సి వస్తే తాతల జైలు కథ కంటే ఇది పనికొస్తుంది: "మీ చర్చి కూడా మా కాగితానికి అడ్డం రాలేదండీ, టెంపుల్ మేం అడగడం లేదు."

గ్రీన్‌కార్డు నామోషీ దగ్గర నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మన వాళ్లలో ఒక అబ్బాయి సిటిజన్ అమ్మాయిని చేసుకుంటే ఎవరైనా వంకర చూపు చూస్తారా? "మంచి సంబంధం కుదిరింది" అని పెళ్లి భోజనం తిని వస్తారు. పద్నాలుగేళ్లు ఒకే ఇంటి అద్దె కట్టిన మీకెందుకు ఆ సిగ్గు? భారతీయుల క్యూ ఎంత పొడుగో మీకు నేను చెప్పక్కర్లేదు. సిటిజన్ భార్యకో భర్తకో ఆ క్యూ ఉండదు. 2013 జూన్‌లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మీ లాంటి జంటలకూ అదే వర్తిస్తోంది. రేపు ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద మీకు మిగిలేది అరవై రోజులు. ఆ టెన్షన్‌లో హడావుడిగా చేసుకున్న పెళ్లికే మీరు భయపడుతున్న మాట అంటుకుంటుంది. ఇప్పుడు, ఉద్యోగం ఉండగా, తీరిగ్గా చేసుకుంటే ఎవరేమంటారు?

ఆస్పత్రి సంగతి రెండు వాక్యాల్లో రాసేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైనది అదే. పెళ్లికి ముందే, ఈ వారంలోనే, ఇద్దరూ ఒకరి పేరు ఇంకొకరు రాసుకుని వైద్య నిర్ణయాల అధికార పత్రం చేయించుకోండి. దానికి ఏ అమ్మ అనుమతీ అక్కర్లేదు.

అసలు చిక్కు అమ్మల దగ్గర కాదేమో. "అమ్మ టీవీలో చూస్తుందేమో" అన్నది ఆయన. ఖాళీ కుర్చీ కథ ఆయనా పాలతో పాటు తాగిందే. చర్చికి వెళ్లడం మానేసినవాళ్లలో కూడా ఆ భయం ఎక్కడో ఒక మూల ఉండిపోతుంది, పైకి అమ్మ పేరు మీద వస్తుంది. కాబట్టి "మీ అమ్మ కోసం నన్ను ఎన్నాళ్లు ఆపుతావు" అని అడగకండి. "మీ అమ్మ ఈరోజు సరేనంటే రేపు చేసుకుంటావా?" అని అడిగి చూడండి. వెంటనే అవునంటే అడ్డు నిజంగా అమ్మే. తడబడితే, పెళ్లి మాట కొన్నాళ్లు పక్కన పెట్టి ఆ తడబాటు గురించి మాట్లాడండి. మార్మన్ నేపథ్యం తెలిసిన కౌన్సెలర్లు యూటాలో దొరుకుతారు. మార్మన్ కుటుంబాల్లో పుట్టిన గేలూ లెస్బియన్లూ 1977లో పెట్టుకున్న అఫర్మేషన్ అనే సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఆయన వయసు మగవాళ్లు, ఆయనలాగే మిషన్ చేసి వచ్చినవాళ్లు అక్కడ కనిపిస్తారు. మామా డ్రాగన్స్ అని ఇలాంటి పిల్లల తల్లుల సంఘం కూడా ఉంది. దాని సంగతి అత్తగారికి చెప్పాలంటే కొడుకో కూతురో చెప్పాలి, మీరు కాదు.

ఆయన ఒప్పుకుంటే అమ్మకు చెప్పాల్సింది కూడా ఆయనే, మీరు లేనప్పుడు, ఒక్కడే కూర్చుని. అనుమతి అడగొద్దు. అడిగితే ఆవిడ తన నమ్మకాన్నో కొడుకునో ఎంచుకోవాలి. ఆ ఇరకాటంలో పెట్టడం అన్యాయం. కబురు చెప్పాలి: "అమ్మా, ఫలానా నెలలో కౌంటీలో పెళ్లి చేసుకుంటున్నాం. నువ్వు రావాలని లేదు. వస్తే సంతోషం, రాకపోయినా ఆదివారం మామూలుగా వస్తాం." ఆవిడ ఏడవొచ్చు. ఆ ఏడుపుకు అప్పటికప్పుడు మందు వేయాలని చూడొద్దనండి. ఆ తర్వాతి ఆదివారం నిజంగానే వెళ్లండి, ఇద్దరూ.

మేనకోడలి పెళ్లికి వెళ్లండి. టెంపుల్ లోపలికి బిషప్ ఇచ్చే రికమెండ్ కార్డు ఉన్నవాళ్లకే ప్రవేశం. బయట మీతో పాటు పెళ్లికూతురి చిన్న తమ్ముళ్లు, చర్చి మానేసిన పిన్నులు, వేరే మతం స్నేహితులు కూడా కూర్చుంటారు. తేడా లేదని నేను అనను. వాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు ఆ కార్డు దొరికే దారి ఉంది, మీకు లేదు. అది నొప్పే. అయినా ఆ అమ్మాయి బయటికి రాగానే కళ్లతో వెతికేవాళ్లలో మీ ఇద్దరూ ఉంటారు. ఫొటోల్లో నిలబడండి. మీరిద్దరూ పక్కపక్కనే నిలబడండి, ఎవరైనా అటూ ఇటూ జరిపితే నవ్వి మళ్లీ పక్కకి రండి.

తెనాలి వైపు చూస్తే, మీ పెళ్లికి ఇక్కడ చట్టంలో చోటు లేదు. స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ కోరలు 2018లో పీకిన మన సుప్రీంకోర్టే 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాన్ని గుర్తించడం తన పని కాదంది. ఆ కేసుకు పేరిచ్చిన సుప్రియో, అతని భాగస్వామి అభయ్ మన హైదరాబాద్ జంటే. కాబట్టి ఇక్కడ మీ వాటాకు ఇల్లో పొలమో వచ్చేదుంటే, మీ తర్వాత అది ఆయనకు చెందాలనుకుంటే, విల్లు తప్పనిసరి. సర్టిఫికెట్ చూపించి ఇక్కడ ఏమీ అడగలేరు. అమ్మకు మాత్రం పెళ్లి చూపించొచ్చు. మార్మన్ యూనివర్సిటీ ఉన్న ప్రోవో ఊరే యూటా కౌంటీకి కేంద్రం. 2020 నుంచి ఆ కౌంటీ వాళ్లు వీడియో కాల్‌లో పెళ్లిళ్లు చేస్తున్నారు. తమ దేశంలో వీల్లేని స్వలింగ జంటలు ఎక్కడెక్కడి నుంచో అక్కడ చేసుకుంటున్నాయి. మీరిద్దరూ ఎలాగూ అక్కడే ఉన్నారు కాబట్టి ఆఫీసుకే వెళ్లి ఎదురెదురుగా నిలబడి చేసుకోండి, అమ్మకు ఫోన్లో చూపించండి. మీ దగ్గర పొద్దున్న అంటే తెనాలిలో రాత్రి భోజనాలయ్యాక అవుతుంది, అన్నయ్యో వదినో ఉంటే పక్కన కూర్చోమనండి.

యూటాలో లైసెన్సుకు నిరీక్షణ గడువు లేదు గానీ, తీసుకున్నాక నెల రోజుల్లోపు పెళ్లి అయిపోవాలి. కాబట్టి అమ్మలిద్దరికీ చెప్పాకే లైసెన్సు తీసుకోండి. సాక్షులు ఇద్దరు కావాలి. ఆయన తోబుట్టువుల్లో ఎవరైనా సంతకం పెడతారేమో అడగమనండి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను పెళ్లికి ముందే కలవండి. కాగితాలు వేశాక కొన్నాళ్లు ప్రయాణాలకు ఆంక్షలు ఉండొచ్చు, లాయర్‌ను అడగకుండా ఇండియా టికెట్లు మాత్రం బుక్ చేయొద్దు.