పాడగలిగిందే ఊదించు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నరసన్నపేటలో మీ ఇంటి దగ్గర పిల్లలకి సంగీతం మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఏడెనిమిదేళ్ళ గుంటలకి పిల్లనగ్రోవి పట్టించొచ్చా అని నువ్వు అడిగావట. పట్టించొచ్చు. కానీ అడ్డంగా పట్టే వేణువు ఇప్పుడే వద్దు, నిలువుగా పట్టి ఊదే రికార్డర్‌తో మొదలుపెట్టు.

వేణువులో నాదం పుట్టాలంటే పెదవుల మధ్య నుంచి గాలి సన్నగా, సరైన కోణంలో పడాలి. అది కుదిరేదాకా పిల్లలకి వట్టి గాలి శబ్దమే వస్తుంది, తల కూడా తిరుగుతుంది. మన సిరిమాను పండగలో అమ్మే మురళీలు చౌకే గానీ, వాటి శ్రుతి ఒకదానితో ఒకటి కలవదు. పదిమంది చేత కలిపి ఊదించలేవు. రికార్డర్ మూతిలో ఈలకి ఉన్నట్టే గాలిదారి ముందే కట్టి ఉంటుంది. మెల్లగా ఊదితే చాలు, పలుకుతుంది. ప్లాస్టిక్‌ది, సొప్రానో అనే చిన్న సైజుది కొనిపించు. వేళ్ళు పెట్టే పద్ధతిని బట్టి బరోక్, జర్మన్ అని రెండు రకాలు దొరుకుతాయి. బరోకే తీసుకో. జర్మన్ రకం మొదట్లో సులువనిపిస్తుంది కానీ, తర్వాత శంకరాభరణం రాగానికి వచ్చేసరికి అందులోని కాకలి నిషాదం, అంటే హెచ్చు ‘ని’, సరిగా పలకక పిల్లలు ఇబ్బంది పడతారు.

విదేశీ వాయిద్యం మీద మన సంగీతమా అని ఎవరైనా అంటే పట్టించుకోకు. వయొలిన్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. 1919లో మన విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ గురువు. నాయుడు గారి చేతిలో ఆ వాయిద్యం ఎంత మనదైపోయిందో నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు మాట. పిల్ల నోటితో పాడలేని స్వరాన్ని వేళ్ళతో పట్టించకు. వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తే పిల్లలు చటుక్కున పెట్టేస్తారు, మనకీ పాఠం అయిపోయినట్టుంటుంది. కానీ వచ్చింది సరైన స్వరమో కాదో వాళ్ళ చెవికి తెలియదు. ముందు పాడిన పిల్ల అయితే తప్పు వినగానే తనే ఆగి వేలు సర్దుకుంటుంది. ఆ ఆగడం కోసమే మన కష్టమంతా.

పాశ్చాత్య సంగీతంలో జి అనే స్వరాన్ని షడ్జంగా (స) పెట్టుకో, అంటే మన లెక్కలో ఐదు శ్రుతి. పిల్లల గొంతుకి అది హాయిగా ఉంటుంది. రికార్డర్ ఒక స్థాయి పైన పలుకుతుంది, ఫరవాలేదు. ఎడమచేయి పైన ఉండాలి. బొటనవేలు వెనక రంధ్రం మీద, చూపుడువేలు ముందున్న మొదటి రంధ్రం మీద పెడితే గాంధారం (గ). మధ్యవేలు కలిపితే రిషభం (రి), ఉంగరంవేలు కూడా కలిపితే షడ్జం. ఈ మూడు స్వరాలతోనే కొన్ని వారాలు గడుపు. తొందరపడకు. ‘గరిస, సరిగ, గగరిస’ అని నువ్వు పాడు, వాళ్ళు తిరిగి పాడాలి. తర్వాత రికార్డర్ మూతి గడ్డానికి ఆనించుకుని, నోటితో పాడుతూ వేళ్ళు మాత్రమే కదపాలి. ఊదడం ఆఖరున. క్లాసులో సగంమంది పాడుతుంటే సగంమంది ఊదాలి, మళ్ళీ మార్చు. గోల తగ్గుతుంది, చెవులూ పనిచేస్తాయి.

కీచుమంటే తిట్టకు. దానికి సాధారణంగా రెండే కారణాలు: గట్టిగా ఊదడం, రంధ్రం పూర్తిగా మూయకపోవడం. వేళ్ళు చాపి చూపించమను. రంధ్రం అంచు వేలి మెత్తటి భాగం మీద గుండ్రంగా అచ్చు పడి ఉంటే సరిగ్గా మూసినట్టు, సగమే పడితే గాలి పోతున్నట్టు. ఈ పరీక్ష పిల్లలకి భలే ఇష్టం. ఊపిరికైతే, అరచేతిలో చిన్న ఈక పెట్టుకుని అది కదలాలి కానీ ఎగిరిపోకూడదని చెప్పు. ప్రతి స్వరాన్నీ నాలుకతో ‘తు’ అని మొదలుపెట్టించు. పాలపళ్ళు ఊడిన పిల్లలకి అది కొన్నాళ్ళు కష్టం. వాళ్ళని అప్పటిదాకా ఎక్కువ పాడించు.

మొదటి రాగం మోహనం. మాయామాళవగౌళతో మొదలుపెట్టడం మన సంప్రదాయం, గొంతుకి అది తప్పకుండా నేర్పు. కానీ రికార్డర్ మీద ఆ రాగంలోని శుద్ధ రిషభానికి, అంటే తగ్గు ‘రి’కి, వేళ్ళు మెలిపెట్టాలి, చిన్న చేతులకి ఇప్పుడే వద్దు. మోహనానికి మంద్ర, అంటే కింది స్థాయి, పంచమం (ప), ధైవతం (ద) కుడిచేత్తో సులువుగా వస్తాయి. స్వరాన్ని ఊపి పలికే గమకాల జోలికి మాత్రం మొదటి ఏడాది పోకు, అవి గొంతులోనే ఉండనీ.

ఎవరి రికార్డర్ వాళ్ళకే ఉండాలి, మూతి పంచుకోకూడదు. గోరువెచ్చని నీళ్ళతో, కొంచెం సబ్బుతో కడగాలి. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంకరపోవచ్చు. మధ్యలో తేమ పట్టి రికార్డర్ గొంతు బొంగురుపోతే, మూతి కింది కిటికీని వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదమను. ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలని తల్లిదండ్రులకి ముందే చెప్పు, లేకపోతే పరీక్షలప్పుడు వాళ్ళకీ నీకూ టెన్షన్.

ఒక్క చోట మాత్రం అందరూ తడబడతారు: గాంధారం నుంచి పై పంచమానికి వెళ్ళేటప్పుడు. బొటనవేలు, చూపుడువేలు లేవాలి, మధ్యవేలు పడాలి, అన్నీ ఒకేసారి. రికార్డర్ చేతిలోంచి జారుతుందని పిల్లలు భయపడతారు. కుడి బొటనవేలు కింద ఆసరాగా పెట్టించి, గడ్డానికి ఆనించి ‘గప, గప’ అని పాడిస్తూ వేళ్ళు కదిపించు. అప్పటికీ కుదరని పిల్లలుంటే నాకు రాయి. దసరా సెలవులకి వాళ్ళని తీసుకురా, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య
విజయనగరం